మన పెరటిలోని వెండియాకులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఉత్సవ సంఘమువారు నన్ను పిలిచి, 25 సంవత్సరముల గ్రంథాలయ జమాఖర్చులను ఈ సభలో చదువుమని కోరిరి. నేను సహకార సంఘమున లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. మా తాతగారును, తండ్రిగారును ఈ గ్రామమునకు కరణములు. 1984లో ప్రభుత్వము ఆ పదవులను రద్దుచేసినప్పుడు నేను హైస్కూలు విద్యార్థిని. కరణీకము పోయినను పిలుపు పోలేదు. ఇప్పటికిని వృద్ధులు నన్ను "కరణంగారబ్బాయీ" అనియే పిలుతురు. కావున అంకెలు చదువుట నాకు కష్టము కాదు. వినుట మీకు కష్టము. ఆ పట్టికను సంచికలో అచ్చువేయింతము, సభలో మఱియొక విషయము మాట్లాడనిండని సంఘమువారిని వేడుకొంటిని. వారు దయతో అంగీకరించిరి.

రజతోత్సవ మనగా వెండి పండుగ. నా యొద్ద వెండి లేదు. కాని మా పెరటిలో వెండివంటి ఆకులు గలిగి, ముట్టుకొన్నంతనే పరిమళించు మొక్కలు నాలుగు జాతులు కలవు: దవనము, మరువము, మాచిపత్రి, వావిలి. వానిని గూర్చి నేను పుస్తకములలో చదివినదియు, మట్టిలో చేతులు పెట్టి తెలిసికొన్నదియు, తప్పులు చేసి నేర్చుకొన్నదియు మనవి చేసెదను. ఇందులో గ్రంథాలయమునకు సంబంధించిన బాకీ యొకటి కలదు. దానిని చివర చెప్పెదను. ముందే చెప్పినచో మొక్కల సంగతి మీ చెవి కెక్కదు.

మొదట ఆ వెండి ఏమిటో చూతము. దవనపు రెమ్మ నొకదానిని త్రుంచి భూతద్దము క్రింద పెట్టుడు. ఆకు నిజముగా పచ్చనిదే. దానిపై పసిబిడ్డ వీపుమీది నూగువంటి సన్నని తెల్లని వెండ్రుకలు దట్టముగా పఱచుకొని యుండును. ఆ నూగుపై బడిన యెండ చెదరిపోవును. కంటికి వెండిగా దోచును. ఎండ తీక్షణత ఆకునకు తగ్గును. వడగాలి ఆకును నేరుగా నొఱసికొని నీటిని లాగుకొని పోకుండ ఆ నూగు అడ్డుపడును. మన రైతు మిట్టమధ్యాహ్నము తలకు తెల్లని పాగా చుట్టుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే. వాన కురిసి ఆకు తడిసినప్పుడు చూడుడు: నూగు నీటితో నిండి వెండి మాయమై పచ్చదనము బయటపడును. ఆరినంతనే మరల తెలుపు వచ్చును. దీనినిబట్టి తోటమాలి గ్రహింపవలసినది యేమనగా, నూగుగల ఆకు నీటిని సులభముగా విడువదు. తడి నిలిచిన చోట కుళ్ళు పుట్టును. ఇంత చిన్న సంగతి నాకు బోధపడుటకు రెండు సంవత్సరములు పట్టినది.

పరిమళము సంగతి వేరు. ఆకుపై నూగుతోబాటు కంటికి కనబడని చిన్న గ్రంథులుండును. వానిలో తైలము దాగియుండును. వ్రేళ్ళతో నలిపినప్పుడు అవి పగిలి వాసన వెలువడును. మనకొఱకు చెట్టు ఈ తైలమును చేయుటలేదు. ఆకు దిను పురుగును వెఱపించుటకు చేయుచున్నది. పురుగునకు వెఱపైనది మన యాడపడుచులకు సిగలోని అలంకారమైనది!

ఇక దవనము. శాస్త్రజ్ఞులు దీనిని ఆర్టెమీసియా పాలెన్స్ అందురు. సంస్కృతమున దమనకము. చామంతి కుటుంబములోని మొక్క, మూరెడెత్తు పెరుగును, ఆకు సన్నని చీలికలుగా, విభూతి చల్లినట్లుండును. పూవు చిన్న పసుపుపచ్చని బొత్తామువలె నుండును. దానిని పూవని ఎవరును గుర్తింపరు. ఈ మొక్కకు ఆకే పూవు. మల్లెలతోను, కనకాంబరములతోను కలిపి కదంబమాలలో గ్రుచ్చునది ఇదియే. మల్లె సాయంకాలము విరిసి తెల్లవారునప్పటికి వాడును. దవనము వాడినకొలదియు వాసన నిలుపుకొనును. మా నాయనమ్మ పెట్టెలోని పట్టుచీర మడతలలో ఎప్పటివో దవనపు రెమ్మలు పొడియై యుండెడివి. ఆ పొడిని చేతిలో వేసికొని నలిపినచో అప్పటికిని వాసన వచ్చెడిది.

దక్షిణదేశమున, ముఖ్యముగ కర్ణాటకములోను, తమిళనాడులోను, మన రాష్ట్రమున కొన్ని తావులందును, దీనిని పొలములలో పంటగా వేయుదురు. పూలమాలలకు కొంత పోగా మిగిలినదానిని బట్టీలలో ఆవిరిపట్టి తైలము తీయుదురు. వంద కిలోల పచ్చియాకునుండి పావు కిలో తైలము వచ్చుటయు కష్టమే. ఆ తైలములోని ముఖ్యద్రవ్యమునకు రసాయన శాస్త్రజ్ఞులు దవనోన్ అని పేరుపెట్టిరి. మన పల్లెటూరి ఆకు పేరు పాశ్చాత్యుల రసాయన గ్రంథములలోనికి ఎక్కినదన్న మాట. విదేశములలో అత్తరులు చేయువారు దీనిని ఎక్కువ వెలకు కొందురు.

దేవాలయములలో దవనమున కొక పండుగయే కలదు. చైత్రమాసమున శుక్లపక్షమందు దేవునికి దవనమును సమర్పించు దమనోత్సవమును ఆగమశాస్త్రములును, ధర్మశాస్త్ర నిబంధములును విధించినవి. పూరీక్షేత్రమున ఈ ఉత్సవము మిక్కిలి ముచ్చటగా జరుగును. అక్కడ జగన్నాథవల్లభ మఠపు తోటలోనికి దేవుని ప్రతినిధులు రాత్రివేళ పల్లకిపై వెళ్ళి దవనమును దొంగిలించి తెత్తురు. ఆ ఉత్సవము పేరే దయణాచోరి. లోకమునంతయు నిచ్చిన దేవుడు గుప్పెడు ఆకుకొఱకు దొంగయగుట చూడుడు. చైత్రమున ఈ పండుగ యేల వచ్చినది? నా కొకటి తోచుచున్నది. కార్తికమున విత్తిన దవనము ఫాల్గుణ చైత్రములకు గదా కోతకు వచ్చును! పంచాంగము వ్రాసినవారు పొలము నెఱిగినవారు.

ఈ మొక్కను మా పెరటిలో పెంపవలెనని నేను 2011లో సంకల్పించితిని. విత్తనములు మసాలా పొడివలె మిక్కిలి సన్ననివి. పట్టణములో ఒక దుకాణమున పొట్లము కొని తెచ్చి, మడిలో చల్లి, పదిదినములు, ఇరువది దినములు కనిపెట్టుకొని యుంటిని. గడ్డి మొలచినది, దవనము మొలవలేదు. విత్తనము ఏనాటిదని అడుగవలెనన్న జ్ఞానము నాకు లేదు. దవనపు విత్తనము ఆయుర్దాయము మిక్కిలి తక్కువ. ఈ యేడు కోసినదానిని వచ్చు కార్తికమున విత్తవలెను. ఆ పిమ్మట దాచినచో అది మొలకెత్తు శక్తిని కోల్పోవును. దేవాలయములకు ఆకు పండించి యిచ్చు తోటవా డొకడు తన సొంత విత్తనమును చారెడు నాకిచ్చి, ఈ ముక్క చెప్పెను. దానితోబాటు మఱియొకటి చెప్పెను: విత్తనమును రెండుదినములు తడిగుడ్డలో మూటగట్టి, మొలకనోరు విప్పగానే పొడియిసుకతో కలిపి చల్లవలెను. ఇసుక కలుపనిచో ఒకేచోట కుప్పగా పడును.

రెండవయేడు మొలచినది. నాకు పట్టరాని సంతోషము కలిగెను. ఆ సంతోషముతో ఉదయము, సాయంకాలము బోకెనతో పైనుండి నీరు చల్లితిని. నారు మొదలుకంటా నల్లబడి కూలినది. అప్పుడు మా అమ్మ అరుగుమీద కూర్చుండి చూచుచు, "ఆకు మీద నీళ్ళు పోస్తావేమిట్రా, పసిపిల్లకి తడిగుడ్డ కప్పినట్టూ! మొదట్లో పొయ్యి" అనెను. ఆమె చదువుకొన్నది కాదు. నేను భూతద్దముతో కనుగొన్న నూగు సంగతి ఆమె కెవ్వరును చెప్పలేదు.

మన నేల సంగతి కూడ ఆలోచింపవలెను. మనది కాలువక్రింది నల్లనేల. వరికి తల్లి, వెండియాకు మొక్కలకు సవతితల్లి. వానకు నీరు పీల్చుకొని నెలదినములు విడువదు. దవనమునకు ఎఱ్ఱగరప నేల, చలికాలపు మంచు, మెల్లని యెండ కావలెను. పెద్దవానయు, పెద్దయెండయు పనికిరావు. కావున మూడవయేడు నేను అడుగెత్తు దిబ్బ వేసి, అందులో రెండుపాళ్ళు ఎఱ్ఱమట్టియు, ఒకపాలు ఏటియిసుకయు, ఒకపాలు జల్లించిన పాతపశువుల ఎరువును కలిపితిని. పచ్చియెరువు వేయరాదు. ఎరువు ఎక్కువైనను చెఱుపే. ఆకు దుబ్బుగా పెరుగును గాని వాసన పలుచబడును. నాలుగైదు వారముల నారును జానలో సగము ఎడముగా నాటి, కాలువ తీసి మొదళ్ళకు నీరు పెట్టితిని. విత్తినది మొదలు సుమారు నాలుగు మాసములకు, మొగ్గలు విచ్చుకొను సమయమున, ఆకు పరిమళము పూర్ణమగును. ఆనాడు కోయవలెను. కోయునాడు మా వీధియంతయు వాసన వచ్చినది. ప్రొద్దుననే రామాలయపు అర్చకులు వచ్చి, "అబ్బాయీ, ఇక మీద చైత్రంలో కొనక్కర్లేదన్నమాట" అనిరి. అప్పటినుండి నేటివరకు కొనలేదు. అయిదారు మొక్కలను కోయక విత్తనమునకు విడిచి, ఎండినపిదప గుడ్డసంచిలో దాచుచున్నాను. ఈ క్రమము ఒక్కయేడు తప్పినను వంశము తెగినట్లే.

మరువమును గూర్చి ఎక్కువ చెప్పవలసిన పని లేదు; అది మీ యిండ్లలో చాలమందికి కలదు. ఆకు చిన్నది, బూడిద కలిసిన ఆకుపచ్చ, ముట్టుకొన్న మఖమలువలె నుండును. శీతకాలమున కొమ్మ త్రుంచి ఇసుకపాలు ఎక్కువగానున్న కుండీలో గ్రుచ్చినచో వేరుపట్టును. మన ఎండాకాలమున దానికి మధ్యాహ్నపు నీడ కావలెను. అమరకోశమున మరువమునకు ఫణిజ్జకము, ప్రస్థపుష్పము అను పేర్లతోబాటు సమీరణ మనునది కూడ కలదు. సమీరణ మనగా గాలి. ఒక మొక్కకు గాలి పేరు పెట్టిన ఆ ప్రాచీనుని ముక్కునకు నేను చేతులెత్తి మ్రొక్కెదను.

మాచిపత్రి సంగతి కొంచెము విచారకరము. వినాయకచవితినాటి ఏకవింశతి పత్రములలో మొట్టమొదట పూజ దీనికే: మాచీపత్రము. కాని చవితినాడు సంతలో "పత్రి, పత్రి" అని అమ్మువారి కట్టలో అది యుండుట అరుదు. రోడ్డుప్రక్కన దొరికిన ఆకునెల్ల కట్టగట్టి యిచ్చుచున్నారు. మనము మంత్రము చదివి వేయుచున్నాము. వినాయకుడు పెద్దమనసుగలవాడు గనుక ఊరకున్నాడు. మాచిపత్రి దవనమునకు దాయాది. ఆకు పైన పచ్చన, అడుగున తెల్లని దూదివలె నుండును. ఒకసారి నాటినచో చాలును. నేలలోపల వేళ్ళుప్రాకి పిలకలు వేయుచు ప్రక్కమడిని ఆక్రమించును. మా పెరటిలో రెండేండ్లలో తులసికోట మొదటికి వచ్చినది. పొలము గట్టు జరుపుకొను ఆసాములను నేను చాలమందిని చూచితిని. ఈ ఆకు వారికంటె నేర్పరి. అడుగు లోతున పలకలు పాతి సరిహద్దు కట్టితిని.

ఈ కుటుంబములోనిదే మఱియొక మొక్క చైనాదేశమున కలదు. దాని ఆకు వెండి కాదు, పచ్చనిది. దాని కథ మన గ్రంథాలయ సభలో తప్పక చెప్పవలసినది. తూ యూయూ అను చైనా శాస్త్రజ్ఞురాలు మలేరియాకు మందు వెదకుచు, ఆ మొక్కను అందఱివలె కాచి చూచినది. గుణము నిలుకడగా కనబడలేదు. ఆమె పాతగ్రంథములను తిరుగవేసినది. నాలుగవ శతాబ్దపు వైద్యుడు గే హోంగ్ వ్రాసిన పుస్తకమున, జ్వరమునకు ఆ ఆకును నీటిలో నానబెట్టి పిండి త్రాగవలెనని యున్నది, కాచవలెనని లేదు. అప్పు డామెకు, కాచుటచే గుణము నశించుచున్నదేమో యని తోచినది. తక్కువ వేడిమిలో మరుగు ద్రవముతో సారము తీయగా 1971లో ఫలించినది. ఆ మందే ఆర్టెమిసినిన్. లోకమున లక్షలమంది ప్రాణములను కాపాడినది. 2015లో ఆమెకు నోబెలు బహుమానము వచ్చినది. పదునారు వందల సంవత్సరములకు పైగా ఒక పుస్తకములో ఒక వాక్యము అట్లే కూర్చుండి, చదువువారికొఱకు కనిపెట్టుకొని యున్నది! అటక మీది పాతపుస్తకములను తూకమునకు అమ్మివేయుదమని ప్రతియేడు సర్వసభ్య సమావేశమున తీర్మానము పెట్టువారు ఈ సభలో నున్నారు. వారి పేరు చెప్పను.

లావెండరు మాటయు కొందఱడుగుదురు. నిజమే, అది వెండియాకు మొక్కలలో పేరుపడ్డది. కాశ్మీరమువైపు భద్రవాహ ప్రాంతమున రైతులు మొక్కజొన్న విడిచి దానిని పండించి లాభము పొందుచున్నారు. నేనును ఒక కుండీ కొంటిని. శ్రావణమున చచ్చిపోయినది. దాని పుట్టినిల్లు మధ్యధరాసముద్ర తీరము. అక్కడ వాన చలికాలమున పడును, వేసవి పొడిగా నుండును. మనకు ఎండయు వానయు తిరుగబడి వచ్చును. అత్తవారింట ఆచారము పూర్తిగా వ్యతిరేకమైనచో ఏ కోడలు నిలుచును? దానిని మఱల కొనలేదు.

ఇక వావిలి. దీనికొఱకే నేనింతసేపు నడచి వచ్చితిని. వావిలి తక్కినవానివలె చిన్నమొక్క కాదు, పొద. అయిదు వ్రేళ్ళవంటి ఆకులు, పైన పచ్చన, అడుగున వెండి. గాలి వీచినప్పుడు పొదయంతయు ఒక్కసారి తెల్లబడి మరల పచ్చబడును. బాలింతరాలి స్నానమునకు వావిలాకు కాచిన నీరు పోయుట మన యిండ్లలో ఎఱుగనివారెవరు? ఒళ్ళునొప్పులకు ఆకు వెచ్చచేసి కాపడము పెట్టుటయు కలదు. కొమ్మ నఱకి తొలకరిలో పాతినచో బ్రదుకును. నీరుపెట్టు పని లేదు. మా కంచె వావిలిదే. ఇరువది సంవత్సరములలో మేకలు దానిని కొఱికి చూచి విడిచిపెట్టినవే గాని మేయలేదు.

దీని సంస్కృతనామము సిందువారము. అమరసింహుడు దీనికి నిర్గుండి, ఇంద్రాణిక అనియు పేర్లు చెప్పెను. నాకు గురువు లేడు. పగలు లెక్కలు, రాత్రులు ఈ గ్రంథాలయములో పుస్తకములు. ఒక ప్రక్క మూలము, ఒక ప్రక్క మన కొలిచాల మల్లినాథసూరి వ్యాఖ్య, నడుమ నిఘంటువు. అట్లు కుమారసంభవము మూడవ సర్గమునకు వచ్చితిని. అక్కడ పార్వతి వసంతపుష్పములను ఆభరణములుగా ధరించి వచ్చును. అందు సిందువారపు పూలు ముత్యాలసరమునకు బదులు. నేను పుస్తకము మూసి కూర్చుంటిని. మా కంచెలోని వావిలి పూవు నీలము, నీలపుపూవు ముత్యమెట్లగును? కాళిదాసు పొరబడెనా? నేను పొరబడితినా? నెలదినములు ఈ సంశయము నన్ను విడువలేదు. తుదకు ఆయుర్వేదమున భావప్రకాశము దొరకినది. అందు భావమిశ్రుడు, తెల్లపూలది సిందువారమనియు, నీలపుపూలది నిర్గుండి యనియు విడదీసి చెప్పినాడు. ఆనాడు నాకు కలిగిన సంతోషము, తేడా వచ్చిన నాలుగణాలు తెల్లవారుజామున దొరకిన గుమాస్తాకు తప్ప అన్యులకు తెలియదు.

ఆ నిఘంటువు, ఆ అమరకోశము, ఆ కావ్యములు మన తెలుగు మాస్టారు గ్రంథాలయమున కిచ్చినవి. ఆయన 2000లో ఈ గ్రంథాలయమును ప్రారంభించిననాడు తన యింటి బీరువాను పుస్తకములతోసహా ఎడ్లబండిమీద పంపిరి. ఆయన నేడు లేరు. నే నిపుడు చెప్పబోవునది ఆయన యున్నప్పుడే చెప్పవలసినది.

మా తండ్రిగారి కాలమున అడంగళ్ళు, ఇతర దస్త్రములు ఉండిన పెద్దపెట్టెలో ఎండిన వావిలాకు వేయుట నేను చూచితిని. ధాన్యపు గాదెలలోను వేయుదురు, పురుగు తగ్గును. 2004లో మన బీరువా క్రింది అరలో రామబాణపు పురుగు, ఆ వెండిరంగు పురుగు, కనబడినది. పుస్తకములను కాపాడవలెనని నాకు ఆత్రము. శ్రావణమాసము, ముసురు. మా కంచెనుండి వావిలాకు బుట్టెడు కోసి, ఆరబెట్టు ఓపిక లేక, పచ్చియాకునే క్రింది అరలోని ప్రతిపుస్తకములోను పుటల నడుమ పెట్టి బీరువా మూసితిని. తండ్రిగారు వేసినది ఎండినయాకు. పెట్టె మూల వేసిరి గాని కాగితముల నడుమ వేయలేదు. కన్ను చూచినదానిని బుద్ధి చూడలేదు.

ఆశ్వయుజమున తెఱచితిని. ఆకు కుళ్ళి, పుటలు అంటుకొని, బూజు పట్టియున్నవి. పదునొకండు పుస్తకములు. అమరకోశమున వనౌషధివర్గము పుటలమీద వావిలాకు అచ్చు గోధుమరంగున పడినది. నేటికిని చూడవచ్చును, అయిదు వ్రేళ్ళ చేయివలె నుండును.

ఆ యేడే వేసవిలో గ్రంథాలయము పైకప్పు బాగు చేయించియుంటిమి. మేస్త్రీకి ఇవ్వవలసిన కూలిలో 600 రూపాయలు మిగిలియుండెను. పుస్తకముల తనిఖీనాడు సంఘమువారు, ఇవెట్లు చెడినవని అడిగిరి. మాస్టారు కుర్చీలో కూర్చుండి అమరకోశమును తిరుగవేయుచుండిరి. నేను తనిఖీ పుస్తకములో నా చేతితో, "పైకప్పు కారుటవలన తడిసి చెడినవి - 11" అని వ్రాసితిని. ఎవరును నన్ను బలవంతపెట్టలేదు. కలము దానంతట అది నడచినట్లు నడచినది. ఆ వ్రాతనుబట్టి మేస్త్రీకి ఆ 600 రూపాయలు ఆపిరి. అతడు రెండుమార్లు వచ్చి అడిగెను. రెండవమారు నేనే "సంఘం తీర్మానం, నేనేం చెయ్యను" అంటిని.

నలుబది పుస్తకముల లెక్కలలో ఒక్క పైసా తేడా రానీయనివాడనని నాకు ఊరిలో పేరు. ఆ పేరు విన్నప్పుడెల్ల నాకు ఆ పద్దు జ్ఞప్తికి వచ్చును.

రజతోత్సవ సంచికకు పాతదస్త్రములు తీయవలసివచ్చి మొన్న కార్తికమున ఆ పుటను మరల చూచితిని. ఆ సాయంకాలమే మేస్త్రీ యింటికి వెళ్ళితిని. అతనికిప్పుడు డెబ్బదియేండ్లు దాటినవి, మోకాళ్ళు వంగవు. సంగతి యంతయు చెప్పితిని. అతడు నవ్వి, "నాకు అప్పుడే తెలుసండీ అయ్యా. కప్పు కారితే పై అరలో పుస్తకాలు తడవాలి గానీ, పైవి పొడిగా ఉండి కిందవి తడుస్తాయా?" అనెను. మఱి యేల చెప్పలేదంటిని. "లెక్కలు రాసేవారితో మాకెందుకండీ. ఇంకో పని కావాలంటే మీ దగ్గరికే రావాలి గదా" అనెను.

ఈ మాటకు నా యొద్ద సమాధానము లేదు.

600 రూపాయలును, ఇన్నేండ్ల వడ్డీయు లెక్కకట్టి తీసికొని వెళ్ళితిని. అతడు అసలు పుచ్చుకొని, వడ్డీని వెనుకకు త్రోసెను. "ఇది నా కూలి. అది కాదు" అనెను. ఆ వడ్డీ సొమ్మును గ్రంథాలయమునకు జమ కట్టుటకు సంఘమువారిని అడిగితిని. దానితో చెడిన పదునొకండు పుస్తకములలో అచ్చులో దొరకుచున్నవానిని ఎనిమిదింటిని కొంటిమి. తనిఖీ పుస్తకములో ఆ పద్దుక్రింద, పాతవ్రాతను కొట్టివేయక, ఎఱ్ఱసిరాతో నిజమును వ్రాసి సంతకము చేసితిని. అధ్యక్షులును సాక్షిసంతకము చేసిరి. చూడగోరువారు చూడవచ్చును. మేస్త్రీ ఈ సభకు వచ్చి మూడవవరుసలో కూర్చుండియున్నాడు. సభలో చెప్పుదునా యని అడిగినప్పుడు, "చెప్పండి, కప్పు బాగానే వేశానని నలుగురికీ తెలుస్తుంది" అనెను. కప్పు ఈ 21 సంవత్సరములలో ఎన్నడును కారలేదని నేను సాక్ష్యమిచ్చుచున్నాను.

ఇక పుస్తకములకు ఆకు నెట్లు వాడవలెనో సరిగా చెప్పెదను. నావలె మఱియొకరు చేయరాదు. వావిలాకును గాని, దవనమును గాని వానలు వెడలిన తరువాత కోసి, నీడలో పదునైదు దినములు, గలగల శబ్దము వచ్చువఱకు ఆరబెట్టవలెను. ఎండలో ఆరబెట్టినచో తైలము ఎగిరిపోవును. ఆరినదానిని పలుచని నూలుగుడ్డ సంచులలో పోసి మూతి కుట్టి, అర మూలలలో నుంచవలెను. పుటల నడుమ ఏ ఆకును పెట్టరాదు, ఎండినదైనను మరకపడును. ఆఱునెలలకొకసారి సంచులు మార్చవలెను. ఈ ఆకు చెదలను ఆపదు. చెదకు గోడకు దూరముగా బీరువా నుంచుటయు, కాళ్ళు పరిశీలించుటయు వేరుగా చేయవలెను. ముఖ్యముగ వానకాలము వెడలినపిదప బీరువా తెఱచి గాలి తగులనిచ్చి, పుస్తకములను ఒక్కొక్కటిగా దులుపవలెను. అంతకంటె పెద్దమందు లేదు. ఆకు దానికి సాయము మాత్రమే.

తుదకు ఒక విన్నపము. గ్రంథాలయమునకు దక్షిణపుప్రక్క గోడకును ప్రహరికిని నడుమ ఆఱడుగుల వెడల్పున ఖాళీస్థలము కలదు. దానిని సిమెంటుచేసి సైకిళ్ళ నిలుపుటకు వాడుదమని ఒక ప్రతిపాదన వచ్చినది. సైకిళ్ళకు తూర్పున చోటున్నది. దక్షిణపుప్రక్క రోజంతయు ఎండ తగులును, చూరునీరు అటు పడదు. వెండియాకులకు అంతకంటె మంచిచోటు గ్రామమున లేదు. ఎఱ్ఱమట్టి రెండు ట్రాక్టర్లు తోలించుటకు ఒక రైతుసోదరుడు ఒప్పుకొన్నాడు. దిబ్బ కట్టుటకు రాళ్ళను మేస్త్రీ చూపించెదనన్నాడు. వంగలేడు గనుక అతడు చెప్పుచుండగా మేము పేర్చెదము. ప్రహరివెంబడి వావిలి, ముందు మాచిపత్రి పలకలు పాతిన మడిలో, గుమ్మము దగ్గర నీడపట్టున మరువము, నడుమ దవనము.

దవనపు విత్తనము ఈ యేటిది మా యింట అయిదు పొట్లములున్నవి. ఒకటి గ్రంథాలయమునకు, ఒకటి రామాలయమునకు తీసియుంచితిని. మిగిలిన మూడింటిని అడిగినవారి కిచ్చెదను. అడుగువారు కార్తికములోపల రావలెను. తరువాత వచ్చినచో పొట్లము ఉండవచ్చును గాని అందులో ప్రాణముండదు. వావిలికొమ్మలు ఎప్పుడైనను, ఎవరైనను, చెప్పకయే కోసికొని పోవచ్చును.